తుఫాను వస్తోంది, మేడ మీద టమాటాలన్నీ ఇంకా పచ్చిగానే ఉన్నాయి. కోసేయాలా, ఉంచేయాలా?

మురళీనగర్ మేడతోట

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇక్కడ చదవడమే కానీ ఎప్పుడూ రాయలేదు. ఇవాళ మాత్రం టెన్షన్ ఆగక రాస్తున్నాను.

మాది విశాఖ, మురళీనగర్. మూడో అంతస్తు పైన మేడ మీద పద్నాలుగు టమాటా మొక్కలు పెట్టాను. తొమ్మిది గ్రో బ్యాగుల్లో, అయిదు ఖాళీ పెయింటు బకెట్లలో. శ్రావణమాసం ఆఖర్న నారు నాటాను. మధ్యలో తెల్లదోమ, ఆకుముడత, ఆ తర్వాత కోతుల గుంపు. అన్నీ దాటుకుని దసరా నాటికి మొక్క నిండా నిమ్మకాయలంత కాయలు వచ్చాయి. మా వీధిలో అందరికీ చెప్పేశాను, కార్తీకంలో మా ఇంటి టమాటాలు తింటారని. చెప్పకుండా ఉండాల్సింది.

నిన్న సాయంత్రం వంగి వంగి లెక్కపెట్టాను. మొత్తం 83 కాయలు. ఎర్రగా పండినవి రెండు. అడుగున కాస్త రంగు తిరిగి దోరగా ఉన్నవి ఆరు. మిగిలిన 75 పచ్చివే.

ఇప్పుడేమో వాయుగుండం. ఎల్లుండికి తుఫాను అవుతుందట. ఒక చానెల్ కాకినాడ దగ్గర తీరం దాటుతుందంటోంది, ఇంకోటి కళింగపట్నం అంటోంది. ఎటు దాటినా మధ్యలో ఉన్నది మనమే కదా. పడవలన్నీ ఫిషింగ్ హార్బర్‌లోకి వచ్చేశాయని పాలబ్బాయి చెప్పాడు. పొద్దున్నుంచీ ఆకు కదలడం లేదు, ఒకటే ఉక్కపోత.

ఇంట్లో రెండు పార్టీలు అయిపోయాయి. మా అత్తగారు "పచ్చికాయ కోస్తే పాపం, ఉంచవే, తల్లి చెట్టు చూసుకుంటుంది" అంటారు. మా వారు "అన్నీ కోసి పడెయ్, ఆ బకెట్లు కింద ఎవరి నెత్తిన పడినా మనకే" అంటారు. నాకేమో మిచిగాన్‌లో ఉన్న చెల్లెలు పెట్టిన ఫొటో కళ్లలో తిరుగుతోంది. వాళ్లకి మొన్న రాత్రి ఫ్రాస్ట్ వస్తుందని చెప్పారట. ఒక్క సాయంత్రంలో పెరట్లో టమాటాలన్నీ కోసేసి డైనింగ్ టేబుల్ నిండా పరిచింది, పచ్చివి కూడా. ఇంట్లోనే పండుతాయట.

ఇక్కడో పిట్టకథ. "మంచు పడుతుందని కోసేసిందత్తయ్యా" అని చెప్తే మా అత్తగారు నవ్వారు. "మంచుకి భయపడి కాయలు కోయడమేంటే? మంచు పడితేనే కదా చిక్కుడు కాసేది!" అన్నారు. అదీ నిజమే. మనకి మంచంటే చిక్కుడు కాపు. వాళ్లకి మంచంటే తోట ముగిసిపోవడం. ఒకే మాట, రెండు ఊళ్లు.

నా ప్రశ్న ఇదీ. మా చెల్లెలి ఇంట్లో చల్లటి బేస్‌మెంట్ ఉంది. మా ఇంట్లో రాత్రి పన్నెండింటికి కూడా ఫ్యాన్ లేకపోతే చెమటే. పైగా ముసురు పడితే తేమకి అప్పడాలు కూడా మెత్తబడిపోతాయి. ఇక్కడ పచ్చికాయ కోసి పెడితే పండుతుందా, కుళ్లుతుందా? కోస్తే ఎంత కాయ కోయాలి? మొక్కల్ని ఏం చేయాలి? రేపు సాయంత్రం దాకే టైం ఉంది.

గాజువాక టు మిచిగాన్

అక్కా, మీ చెల్లెలు చేసింది కరెక్టే. నేనూ ఇక్కడే ఉంటాను, డెట్రాయిట్ పక్కన. మాకు ఏటా అక్టోబరులో ఈ తంతు ఉంటుంది. ఇక్కడికొచ్చిన మొదటి ఏడాది "మూడు డిగ్రీలే కదా, సున్నాకి రాలేదు కదా" అని పడుకున్నాను. పొద్దున్న లేచి చూస్తే కారు అద్దం మీద ఉప్పు చల్లినట్టు తెల్లగా ఉంది. మొక్కలు మాత్రం ఏమీ కానట్టు నిలబడి ఉన్నాయి. హమ్మయ్య అనుకున్నా. ఎండ వచ్చాక తెలిసింది అసలు సంగతి. పదింటికల్లా ఆకంతా ఉడికించిన తోటకూరలా నల్లగా వేలాడిపోయింది. కాయల భుజాల మీద నీళ్లు నిండినట్టు మచ్చలు, రెండ్రోజులకి చితికిపోయాయి.

తర్వాత అర్థమైంది. వాతావరణం వాళ్లు చెప్పే డిగ్రీలు మనిషి ఎత్తులో కొలిచినవి. గాలి లేకుండా, మబ్బు లేకుండా ఉన్న రాత్రి నేల దగ్గర ఇంకా చల్లగా ఉంటుంది. అందుకే రెండు మూడు డిగ్రీలు అన్నా ఆకు మీద మంచు గడ్డకడుతుంది. టమాటా వేడి దేశాల మొక్క. ఆకు లోపలి నీళ్లు గడ్డకట్టాయంటే కణాలు పగిలిపోతాయి, ఇక అది కోలుకోదు.

ఒక్క రాత్రే అయితే పాత దుప్పట్లు నేలదాకా కప్పుతాం. మట్టిలో పగటి వేడి ఉంటుంది కదా, అది పైకి పోకుండా ఆపడానికి. కానీ వరసగా నాలుగు రాత్రులంటే ఇక కప్పి లాభం లేదు. మొక్కని వేళ్లతో సహా పీకి, మట్టి దులిపి, బేస్‌మెంట్‌లో తలకిందులుగా వేలాడదీస్తాం. కాయలు దానికే ఉండి నిదానంగా పండుతాయి. మా బేస్‌మెంట్ పదిహేను, పదహారు డిగ్రీలు ఉంటుంది. థాంక్స్‌గివింగ్ దాకా, అంటే నవంబరు ఆఖరు దాకా, వారానికి పదేసి చొప్పున వస్తాయి. రుచి? ఉన్నమాట చెప్పాలంటే ఎండలో పండినదానికి సాటి రాదు. పప్పులోకి, రసంలోకి పనికొస్తుంది.

మీరు కూడా మొక్కలు పీకి మెట్ల గదిలో వేలాడదీసేయండి. గాలికి ఎలాగూ ఉండవు.

మధురవాడ మిద్దెసాగు

అమ్మా, పైన బాబు చెప్పింది వాళ్ల ఊరికి రైటు. దయచేసి మొక్కలు పీకకండి!

వాళ్లకి అది చివరి కోత. చలి వచ్చాక ఏప్రిల్ దాటేదాకా టమాటా మొక్క బయట బతకదు. మనకి కథ తిరగబడి ఉంటుంది. ఇప్పుడే మొదలు. కార్తీకం నుంచి మాఘం దాకా మన విశాఖలో టమాటాకి పండగ. రాత్రి చల్లబడుతుంది, పగలు మాడ్చేంత ఎండ ఉండదు, పూత నిలబడుతుంది. తుఫాను రెండ్రోజులు ఊగి పోతుంది. మొక్క బతికితే డిసెంబరులో మీకు ఇంతకు రెట్టింపు కాయ. కాబట్టి కాయ కోసి మొక్కను కాపాడుకోవాలి.

నేను ఇది డబ్బు పోసి నేర్చుకున్నాను. హుద్‌హుద్ గుర్తుందిగా. 2014 అక్టోబరు 12, ఆదివారం. అప్పుడు మేం ఆరిలోవలో ఉండేవాళ్లం. శనివారం మా ఆవిడ "కాయలు కోసేద్దామండీ" అంది. "దాటాక చూద్దాంలే, ఇలాంటివి ఎన్ని చూడలేదు" అన్నాను. కుండీలన్నీ ఒక గోడ చాటుకి చేర్చి తెలివైన పని చేశాననుకున్నా. మధ్యాహ్నం తుఫాను కన్ను మన మీదికి వచ్చినప్పుడు కాసేపు గాలి ఆగిపోయింది. అయిపోయిందనుకుని తలుపు తీశాం. తర్వాత ఎదురు దిక్కు నుంచి మొదలైంది. నేను చాటు అనుకున్న గోడ ఇప్పుడు గాలికి ఎదురు. టమాటాలు ఆ గోడకి కొట్టుకుని, సున్నం మీద ఎర్రగా పచ్చగా మరకలు పడ్డాయి. మూడేళ్ల తర్వాత రంగులు వేయించేదాకా ఆ మరకలు అలాగే ఉన్నాయి. మా ఆవిడ ఎవరొచ్చినా చూపించేది.

మిగిలిన ఆకుని సముద్రపు ఉప్పుగాలి కాల్చేసింది. నిప్పు పెట్టినట్టు గోధుమ రంగులోకి మారిపోయింది. ఆ వారం ఊరు ఊరంతా చెట్ల రంగు అదే. కరెంటు లేదు, పాలు లేవు, కూరగాయలకి క్యూలు. ఒక బుట్ట పచ్చి టమాటాలు ఇంట్లో ఉండి ఉంటే ఎంత బాగుండేదో అప్పుడు తెలిసింది.

సరే, మీ ప్రశ్నకి వస్తాను. పచ్చికాయ అన్నా అన్నీ ఒకటి కాదు. మామిడికాయతో పోల్చి చూడండి. టెంక కట్టిన కాయని గడ్డిలో మాగేస్తే పండుతుంది. లేతకాయని మాగేస్తే వడిలి ముడతలు పడుతుంది తప్ప పండదు. టమాటా కూడా అంతే. ఎదిగిన పచ్చికాయ ముదురాకుపచ్చ పోయి కాస్త తెల్లబారుతుంది, అడుగున నక్షత్రంలా లేత మచ్చ కనిపిస్తుంది, తోలు మెరుస్తుంది. అనుమానం ఉంటే ఒక్క కాయని అడ్డంగా కోసి చూడండి. గింజల చుట్టూ జిగురు ఉండి, కత్తి తగిలితే గింజ తెగకుండా పక్కకి జారిపోతే, ఆ సైజూ ఆ రంగూ ఉన్నవన్నీ కోసేయొచ్చు. గింజ కూడా కత్తికి తెగిందంటే అది కసుగాయ. అలాంటివి మొక్కకే ఉంచండి, నిలిస్తే నిలుస్తాయి.

దోరవి ఎట్టి పరిస్థితుల్లో ఉంచొద్దు. గాలి సంగతి అటుంచండి, వాన చాలు. ఇన్నాళ్లు మీరు మగ్గుతో కొలిచి పోసిన నీళ్లకి అలవాటుపడిన మొక్క ఒక్క రాత్రిలో కడుపునిండా తాగేస్తుంది. కాయ లోపల ఉబ్బుతుంది, తోలు సాగదు, పగులుతుంది. ముచ్చిక దగ్గర పగిలిన కాయలో రెండో రోజుకి బూజు.

ఇక మన ఉక్కలో పండుతుందా అన్నారు. పండుతుంది, మీ చెల్లెలి ఇంట్లో కంటే తొందరగా పండుతుంది. టమాటాకి పండటానికి ఎండ అక్కర్లేదు. కాయలోంచి ఎథిలీన్ అనే వాయువు వస్తుంది, అదే పండిస్తుంది. ఇరవై, ఇరవై అయిదు డిగ్రీలయితే భేషుగ్గా ఉంటుంది. ముప్పై దాటితే మాత్రం ఎరుపు రంగు సరిగ్గా తయారు కాదు, పసుపు, నారింజ మధ్యలో ఆగిపోతుంది. అందుకే కిటికీలో ఎండ తగిలేచోట పెట్టొద్దు. ఇంట్లో అన్నింటికంటే చల్లగా ఉండే గచ్చు ఎక్కడుందో చూసుకోండి, మంచం కిందో, మెట్ల కిందో. ఫ్రిజ్‌లో పచ్చికాయ పెట్టారంటే అంతే సంగతులు, పండే గుణమే పోతుంది, రుచీ పోతుంది.

మీరు భయపడాల్సింది వేడికి కాదు, తేమకి. అమెరికా వాళ్లు ఒక్కో కాయని పేపర్లో చుడతారు. మనకి ముసురులో పేపరు చెమ్మ పీల్చి కాయకి అతుక్కుంటుంది. చుట్టకండి. అట్టపెట్టెలో పేపరు పరిచి ఒక్క వరసే, ఒకదానికొకటి తగలకుండా, ముచ్చిక వైపు కిందికి ఉండేలా పెట్టండి. మూత తెరిచే ఉంచండి. కోశాక కడగొద్దు, పొడిబట్టతో తుడవండి చాలు. రోజూ ఒకసారి చూసి, మెత్తబడినదాన్ని తీసేయండి. త్వరగా కావాలంటే రెండు ముగ్గిన అరటిపళ్లు పక్కన పెట్టండి. కార్బైడ్ పొట్లం సంగతి ఎవరైనా చెప్తే వినకండి, పళ్లు మాగబెట్టడానికి అది వాడకూడదని చట్టమే ఉంది.

మొక్కలకి ఒకటే. పిట్టగోడ మీద, అంచున ఒక్క కుండీ ఉండకూడదు. బ్యాగులన్నీ మేడ మధ్యకి చేర్చి, ఆనించి, కర్రలతో సహా ఒక పక్కకి పడుకోబెట్టి పైన వల కప్పి తాడు కట్టండి. నిలబడిన మొక్క విరుగుతుంది, పడుకున్న మొక్క బతుకుతుంది. మేడ మీద నీళ్లు పోయే గొట్టంలో కొబ్బరిపొట్టు, ఎండాకులు లేకుండా ఇవాళే తీసేయండి. ఇది మర్చిపోకండి.

అక్కయ్యపాలెం అల్లరి

83 కాయలకి ఇంత మీటింగా? నరసింహనగర్ రైతు బజార్‌కి వెళ్తే అరగంటలో సంచి నిండుతుంది కదండీ. నేనైతే మొక్కలకి గొడుగు పట్టుకుని సెల్ఫీ దిగి వదిలేస్తా.

భీమిలి అమ్మమ్మ

(మనవరాలు టైపు చేస్తోంది. అమ్మమ్మ చెప్పినట్టే రాస్తున్నా.)

ఓలమ్మా, పచ్చి టమాటాలు ఉన్నాయని ఏడుస్తావేటి? మీ అత్తగారు ఉంచమన్నారా? ఆవిడకి నా మాట చెప్పు. పాపం కోసినందుకు కాదు, పారేసినందుకు.

పచ్చికాయలో ఓ అరకిలో పక్కకి తియ్యి. మరీ చిన్న చిన్న కసుగాయలొద్దు, చేదొచ్చీస్తాయి. మూకుట్లో నూపప్పు రెండు చెంచాలు చిటపటమనేదాకా వేయించి తీసీ. అదే మూకుట్లో నూనేసి పదీ పన్నెండు పచ్చిమిరపకాయలు, జీలకర్ర వేయించు. తర్వాత టమాటా ముక్కలు. మూత పెట్టకు. మూత పెడితే నీరు దిగి ఉడికిపోతాయి, మనకి మగ్గాలి. ముక్క అంచులు ఎర్రబారి, పచ్చివాసన పోయేదాకా ఉంచాలి. చింతపండు వెయ్యకు, పులుపు దానికే ఉంటాది. ఓ చిన్న అనకాపల్లి బెల్లం ముక్క పడాలి, తియ్యగా కాదు, పులుపుని లొంగదీయడానికి. నూపప్పు, మిరపకాయలు ముందు నూరి, ముక్కలు ఆఖర్న వేసి కచ్చాపచ్చాగా తిప్పు. మిక్సీ అయితే రెండు తిప్పులు, అంతే. మెత్తగా చేసీసేవంటే అది పచ్చడి కాదు, పూత మందు. ఇంగువ పోపు, కరివేపాకు. కార్తీకం కాబట్టి వెల్లుల్లి నీ ఇష్టం.

పచ్చికాయ ఎండునెత్తళ్లతో ఇగురు పెడితే ఉంటాది, దాని ముందు ఏదీ పనికిరాదు. కార్తీకం వెళ్లనీ, చెప్తాను.

చింతపల్లి కొండగాలి

మేడం, మంచు గురించి ఒక మాట. మీ అత్తగారు చెప్పిందీ నిజమే, మీ చెల్లెలు చెప్పిందీ నిజమే. మేం రెండూ చూస్తాం. మాది లంబసింగికి దగ్గర. పొద్దున్న లోయలో పాలు పోసినట్టు ఉండేదీ మంచే, ఆకు మీద నీటిబొట్టూ మంచే. వాటితో టమాటాకి ఆకుమచ్చ తెగులు వస్తుందేమో కానీ మొక్క చావదు. డిసెంబరు, జనవరిలో కొన్ని రాత్రులు మాత్రం సున్నా దగ్గరికి దిగుతుంది. ఆ తెల్లవారుజామున గడ్డి మీద కాలు పెడితే కరకరమంటుంది. మా పల్లంలో ఉన్న మడిలో టమాటా ఒకసారి అలాగే నల్లబడిపోయింది, ఇరవై అడుగులు పైన ఉన్న మడికి ఏమీ కాలేదు. చల్లగాలి నీళ్లలాగే పల్లానికి జారుతుంది. అప్పట్నుంచి పల్లం మడిలో టమాటా వేయడం మానేశాం, అక్కడ రాజ్‌మా వేస్తున్నాం, అదీ చలి ముదరకముందే చేతికొచ్చేలా.

మీకు ఆ గొడవ లేదు. మధురవాడ సార్ చెప్పినట్టు చేయండి.

మురళీనగర్ మేడతోట

అందరికీ థాంక్స్. కానీ మధురవాడ అంకుల్ సమాధానం చదివేలోపే మా వారు మిచిగాన్ తమ్ముడి సమాధానం చదివేశారు. చదివి, నేను స్టవ్ దగ్గర ఉండగా మేడెక్కి, ఒక మొక్క పీకేశారు. ఏడు కాయలున్న మొక్క. మట్టి మెట్ల నిండా రాలుస్తూ తెచ్చి మెట్ల గదిలో బట్టలు ఆరేసే తీగకి తలకిందులుగా కట్టారు. రెండోది పీకబోతుంటే నేను వెళ్లి పట్టుకున్నాను. "ఒకటి అమెరికా పద్ధతి, మిగతావి ఆంధ్రా పద్ధతి, ఎవరు గెలుస్తారో చూద్దాం" అన్నారు. సరే అని వదిలేశాను.

ఇవాళ మూడింటికి కోత పెట్టుకున్నాం. ఒక కాయని బలిచ్చి కత్తితో చూశాను. గింజ జారింది! అదే సైజువి, తెల్లబారినవి ఏరి కోశాను, బలిచ్చినదానితో కలిపి 44. పండినవి రెండు, దోరవి ఆరు. మొక్కకే ఉంచిన కసుగాయలు 24.

కోసేటప్పుడు కాయని గట్టిగా లాగకుండా బొటనవేలితో కాడ మీది కణుపు దగ్గర వంచితే టక్కున విరుగుతోంది. ఆ చప్పుడు భలే ఉంది. అరగంటయ్యేసరికి చేతులు పసుపుపచ్చగా, ఆ తర్వాత నల్లగా అయిపోయాయి. సబ్బు పెడితే నురగ కూడా ఆకుపచ్చగానే వచ్చింది. మా అత్తగారు ఆ చెయ్యి పట్టుకుని వాసన చూసి, "మా పుట్టింటి దొడ్డి వాసన" అన్నారు. తర్వాత ఆవిడే కూర్చుని 44 కాయల్నీ పాత పంచె ముక్కతో తుడిచారు. పాపం అన్న మాట మళ్లీ ఎత్తలేదు.

బ్యాగులు పడుకోబెట్టాం. వల లేదు, మా అబ్బాయి పాత క్రికెట్ నెట్ ఉంటే అదే కప్పి, నాలుగు ఇటుకలతో, నవారుతో కట్టాం. పెట్టె మా మంచం కింద ఉంది. గాలి మొదలైంది. కరెంటు ఉంటే మళ్లీ రాస్తాను.

అక్కయ్యపాలెం తమ్ముడూ, రైతు బజార్‌లో దొరికేవి టమాటాలు. నా మంచం కింద ఉన్నవి 70 రోజులు.

గాజువాక టు మిచిగాన్

అక్కా సారీ! మొక్క చావుకి నేను కారణం అయ్యాను. బావగారికి మాత్రం నా తరఫున థాంక్స్ చెప్పండి, నమ్మింది ఆయనొక్కరే.

మధురవాడ మిద్దెసాగు

అమ్మా, గాలి తగ్గాక మొక్కల్ని వెంటనే లేపొద్దు, మట్టి బురదగా ఉంటుంది, వేళ్లు కదులుతాయి. ఒక పూట ఆగండి. కిందాకులు మట్టి తగిలినవి తుంచేయండి. ఆకుపై మచ్చలొస్తే కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరు నీటికి 3 గ్రాములు కలిపి కొట్టండి. కొట్టిన కాయని వెంటనే కోసి తినకండి. విరిగిన పక్కకొమ్మలు పారేయొద్దు, గ్లాసు నీళ్లలో పెట్టండి, వేళ్లొస్తాయి.

మురళీనగర్ మేడతోట

పన్నెండు రోజుల తర్వాత వచ్చాను. క్షమించాలి. మొదటి రెండ్రోజులు కరెంటు లేదు, తర్వాత నాకు ఓపిక లేదు.

తుఫాను మనల్ని ఒరుసుకుని పోయింది, తీరం వేరేచోట దాటింది. కానీ ఒక రాత్రీ పగలూ వాన, గాలి. పడుకోబెట్టిన పదమూడు మొక్కల్లో పదకొండు బతికాయి. రెండు పెయింటు బకెట్లలోవి కుళ్లిపోయాయి. తప్పు నాదే, ఆ రెంటికీ అడుగున చిల్లులు చిన్నవి పెట్టాను, నీళ్లు నిలిచిపోయి వేళ్లు ఊపిరాడక పోయాయి. కసుగాయలు 24లో తొమ్మిది రాలాయి.

అంకుల్ చెప్పిన గొట్టం సంగతి. తీశాను. ఒకటి తీశాను. మా మేడకి రెండు గొట్టాలున్నాయని పదకొండేళ్లుగా ఉంటున్న నాకు తెలీదు, వాటర్ ట్యాంకు వెనక ఇంకోటి ఉంది. కొబ్బరిపొట్టంతా అక్కడికి చేరి మూసుకుపోయి, నీళ్లు మెట్ల గదిలోకి వచ్చాయి. రాత్రి రెండింటికి మా వారు టార్చి నోట్లో పెట్టుకుని చేత్తో తవ్వి తీశారు. పైన తలకిందులుగా ఆయన మొక్క ఊగుతోంది. ఆ సీన్ నేను మర్చిపోలేను.

ఇప్పుడు లెక్క. దోరవి ఆరూ నాలుగో రోజుకే పండాయి. 44లో పది అమ్మమ్మగారి పచ్చడికి పోయాయి. మిగతా 34లో 26 పండాయి. అయిదు కుళ్లాయి, అవన్నీ పెట్టె మూలన ఒకదానికొకటి తగిలినవే. మూడు ఇంకా మొండికేసి పచ్చిగా ఉన్నాయి. అంకుల్ అన్నట్టే మొదటి వారం ఉక్కలో పండినవి నారింజ రంగు దగ్గరే ఆగాయి. వాన వెలిశాక రాత్రులు చల్లబడ్డాయి కదా, ఆ తర్వాత పండినవి మంచి ఎరుపు. ఒకే పెట్టెలో పక్కపక్కన పెట్టి చూస్తే తేడా స్పష్టంగా తెలుస్తోంది. ఇక అమెరికా మొక్క. ఏడింటిలో నాలుగు పండాయి, మూడు ముడతలు పడ్డాయి. మా వారు డ్రా అంటున్నారు. మేం ఒప్పుకోలేదు.

పచ్చడి గురించి చెప్పాలి. మూత పెట్టొద్దన్నారు కదా, మొదటిసారి అలవాటు కొద్దీ పెట్టేశాను. నీరు దిగిపోయి ముక్క బెండకాయ జిగురులా అయింది. మళ్లీ ఓ అరగంట మూత తీసి నీరంతా ఇగిరేదాకా నిలబడాల్సి వచ్చింది. అయినా బాగుంది. కరెంటు లేదు, మిక్సీ తిరగదు, అందుకని అత్తగారు అటక మీంచి చిన్న రోలు దింపించారు. కొవ్వొత్తి వెలుగులో వేడన్నంలో కలుపుకుని తిన్నాం. మా అబ్బాయి, టమాటా పచ్చడంటే ముఖం తిప్పేసేవాడు, "ఇదేంటి, మామిడికాయా?" అని మూడుసార్లు వేసుకున్నాడు. రాలిన తొమ్మిది కసుగాయలతో కూడా చేద్దామని ఒకటి కొరికి చూశాను. అమ్మమ్మగారు చెప్పింది నిజం, చేదు.

విరిగిన కొమ్మలు నాలుగు హార్లిక్స్ సీసాలో పెట్టి వంటింటి కిటికీలో ఉంచాను. ఇవాళ పొద్దున్న చూస్తే నీళ్లలో మునిగిన కాడ చుట్టూ తెల్లగా మొటిమల్లా లేచాయి, రెండిటికి అంగుళం పొడుగు వేళ్లు. రేపు పోయిన రెండు బకెట్లకీ పెద్ద చిల్లులు పెట్టి ఇవి నాటుతున్నాను. ట్యాంకు వెనక గొట్టానికి జాలీ కొట్టడానికి మనిషి వస్తానన్నాడు, ఇంకా రాలేదు.

భీమిలి అమ్మమ్మ

(మనవరాలు) అమ్మమ్మ అడుగుతోంది: రోలు మళ్లీ అటక మీద పెట్టీసేరా?

మురళీనగర్ మేడతోట

లేదండి అమ్మమ్మగారూ. కిందే ఉంది.